లేడీ డాక్టరు కావాలి, బిడ్డ చదువు వద్దా?

కోయిలకుంట్ల నుంచి భార్యను నంద్యాల ఆస్పత్రికి తీసుకెళ్లే మన సోదరుడు అక్కడ మొదట అడిగే మాట, "లేడీ డాక్టరు ఉందా?" అడగడం న్యాయమే. పర్దాను పాటించే కుటుంబానికి ఆ హక్కుంది. కానీ అదే సోదరుడు తొమ్మిదో తరగతి చదివే కూతురితో "ఇక చాల్లే బేటీ, ఇంట్లో ఉండు" అంటాడు. అందరూ అలాగే అంటే ఆ లేడీ డాక్టరు ఎక్కడి నుంచి రావాలి?

"ముస్లింలు ఆడపిల్లల్ని బడికి పంపరు" అని బయటివారు తేలిగ్గా అనేస్తారు. "మన ఆచారం ఒప్పుకోదు" అని మనవాళ్లూ అంతే తేలిగ్గా అంటారు. ఈ రెండు మాటలకూ పాత మద్రాసు చరిత్రలో జవాబుంది. మద్రాసు అంటే పరాయి ఊరు కాదు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా కోయిలకుంట్ల తాలూకాకు రాజధాని అదే.

1871లో వైస్రాయి లార్డ్ మేయో ప్రభుత్వం ముస్లింల విద్య వెనుకబడిందని గుర్తించి, దాన్ని ప్రోత్సహించాలని తీర్మానించింది. మరుసటి ఏడాది మద్రాసు గవర్నరుగా వచ్చిన లార్డ్ హోబర్ట్ ముస్లింల కోసం పాఠశాలలు తెరవాలని ఆదేశాలిచ్చాడు. ఇంగ్లీషువారికి మన మీద హఠాత్తుగా ప్రేమ పుట్టిందని నేను చెప్పబోవడం లేదు. 1857 తర్వాత వారి లెక్కలు వారికున్నాయి. అయితే ఆ ఆదేశాల్లో మగపిల్లల సంగతే ముఖ్యం. ఆడపిల్లల గురించి చొరవ తీసుకున్నది గవర్నరు భార్య లేడీ హోబర్ట్. ఆ దశాబ్దంలోనే మద్రాసు రాయపేటలో ముస్లిం బాలికల కోసం ఆమె పేరున బడి వెలిసింది. లార్డ్ హోబర్ట్ 1875లో మద్రాసులోనే మరణించాడు. బడి మాత్రం ఆగలేదు. తర్వాతి కాలంలో అక్కడే ముస్లిం ఉపాధ్యాయినులకు శిక్షణ కూడా ఇచ్చారు. ఈనాటికీ అది ప్రభుత్వ ముస్లిం బాలికల హయ్యర్ సెకండరీ పాఠశాలగా నడుస్తోంది.

ఘోషాను గడప దాటనివ్వని రోజుల్లో ఆ బడికి బిడ్డలను పంపిన తల్లులెవరో మనకు తెలియదు. గవర్నరు భార్య పేరు గోడ మీద ఉంది, వారి పేర్లు ఎక్కడా లేవు. నా దృష్టిలో ధైర్యం వారిదే. వారు పర్దాను వదిలి పంపలేదు. పర్దాకు తగిన బడి దొరికింది కాబట్టి పంపారు.

వైద్యం విషయంలోనూ జరిగింది ఇదే. 1875లో మద్రాసు మెడికల్ కాలేజీలో నలుగురు స్త్రీలు చేరారు. వారిలో ఒకరైన మేరీ షార్లీబ్ చొరవతో 1885లో ఘోషా ఆస్పత్రి మొదలైంది. మగ డాక్టరుకు చేయి చూపడానికి ఇష్టపడక ఇళ్లలోనే బాధపడే స్త్రీల కోసం పెట్టిన ఆస్పత్రి అది. అంటే పర్దా అడిగింది చదువుకున్న స్త్రీనే! పర్దా పేరు చెప్పి చదువు మాన్పించడం తలకిందుల వ్యవహారం.

ఆ రోజుల్లో కొన్ని ఇళ్లలో ఆడపిల్లకు ఖుర్ఆన్ నాజిరా నేర్పేవారు గాని కలం చేతికిచ్చేవారు కాదు. రాయడం వస్తే ఎవరికో ఉత్తరాలు రాస్తుందని భయం. ఇప్పుడు కలం స్థానంలో సెల్‌ఫోన్ వచ్చింది, భయం అదే. ఈ భయానికి దీన్‌లో ఆధారం వెతికేవారు హజ్రత్ హఫ్సా (రజి) గారిని తలచుకోవాలి. ఆమెకు రాయడం నేర్పింది షిఫా బిన్తె అబ్దుల్లా (రజి) అనే మహిళ. ఆ సంగతి దైవప్రవక్త (స) ఎరిగినదే. హజ్రత్ అబూబకర్ (రజి) కాలంలో ఒకచోట చేర్చిన ఖుర్ఆన్ ప్రతి చివరికి హఫ్సా (రజి) గారి వద్దనే భద్రంగా ఉంది. హజ్రత్ ఉస్మాన్ (రజి) ప్రతులు రాయించడానికి తెప్పించుకున్నది దాన్నే. మౌలానా అష్రఫ్ అలీ థాన్వీ స్త్రీల కోసం కూర్చిన 'బహిష్తీ జేవర్'లో ఉత్తరాలు రాసే పద్ధతి కూడా చేర్చారు. పెళ్లిలో ఆ పుస్తకాన్ని కూతురికి కానుకగా ఇచ్చే నాన్నలు ఆ పుటలు తిప్పి చూశారో లేదో!

మన కర్నూలు ప్రాంతం చదువు విలువ తెలియనిదేమీ కాదు. డాక్టర్ అబ్దుల్ హఖ్ సాహెబ్ 1947లో కర్నూలులో ఉస్మానియా కళాశాల స్థాపించారు. నేడు అక్కడ ఆయన పేరున ఉర్దూ విశ్వవిద్యాలయమే ఉంది. కానీ ఎనిమిదో తరగతిలో బడి మానిన పిల్ల విశ్వవిద్యాలయం దాకా ఎలా చేరుతుంది?

కూతురిని మాన్పించిన తండ్రిని నిందించి లాభం లేదు. దారిలో పోకిరీల బెడద, బస్సు వేళలు, ఆటో ఖర్చు - ఇవన్నీ నిజమైన ఇబ్బందులే. పదిమంది పిల్లలకు కలిపి నమ్మకస్తుడి ఆటో ఒకటి కుదిర్చితే సగం ఇళ్లలో అభ్యంతరం తీరుతుంది. ఆ ఖర్చు జకాత్ నుంచి కావచ్చా అని ముఫ్తీ గారిని అడగండి. కాకుంటే జమాత్ చందా ఉంది, వక్ఫ్ ఆదాయం ఉంది. మసీదుకు మరో మినార్ కట్టే ఆలోచన ఉంటే ఒక ఏడాది ఆపవచ్చు. మొహల్లాలో ఏయే ఇళ్లలో ఆడపిల్లలు ఏ తరగతిలో ఆగిపోయారో లెక్క తీయడానికి జుమా తర్వాత ఒక గంట చాలు. జూన్‌లో బడులు తెరిచేలోగా ఆ లెక్క జమాత్ పెద్దల చేతిలో ఉండాలి.