1957: ఎవరి ఎన్నిక?

ఈ మధ్య ఒక సాయంకాలము అన్నవరములో, సత్యదేవుని దర్శనమైన పిదప రత్నగిరి దిగి, ఉపాధ్యాయ మిత్రులు కొందరితో పంపాతీరమున కూర్చుంటిమి. ఆకుపొట్లములలోని గోధుమనూక ప్రసాదము చేతులు మారుచుండగా వారిలో ఒకరు ప్రశ్న వేసిరి: “1957లో వచ్చిన తెలుగు చిత్రములలో మీకు మిక్కిలి ఇష్టమైనవి మూడు చెప్పుడు.”

ప్రశ్న తేలికయే. జవాబే చిక్కు. ఆ జనవరిలో ‘తోడికోడళ్ళు’, మార్చిలో ‘మాయాబజార్’, నవంబరులో ‘పాండురంగ మహాత్మ్యము’. ఆ యేడే ‘భాగ్యరేఖ’, ‘సువర్ణసుందరి’. ఒక్క సంవత్సరమని హద్దు గీచినచో పౌరాణికమును, జానపదమును, సాంఘికమును ఒకే తక్కెడలో తూచక తప్పదు.

ఒకరు ‘సువర్ణసుందరి’కి పెద్దపీట వేసిరి. దానిని నిర్మించిన దంపతులలో అంజలీదేవి పెద్దాపురము ఆడపడుచు. ఆదినారాయణరావు కాకినాడ రంగస్థలముపై రాణించినవారు. ఊరి మమకారము తప్పు కాదు. రసజ్ఞతకు అదియు ఒక వాకిలి. వాకిటనే నిలిచిపోరాదు, అంతే.

తక్కినవారు తడుముకొనక ‘మాయాబజార్’ అనిరి. ఎందుచేతనని అడుగగా, “అందరును గొప్పదందురు గదా!” అనిరి. మాకు కష్టము కలిగించినది ఈ మాటయే. పద్యము బాగున్నదని పరీక్షలో వ్రాసి, ఏమి బాగున్నదో చెప్పలేని విద్యార్థిని మందలించువారము మనమే కదా! కారణములు కంటి యెదుటనే ఉన్నవి. పాండవుల యింటి పెండ్లికథలో పాండవులొక్కరును తెరపైకి రారు. ఆ లోటు చూపరులకు తోచనే తోచదు. శశిరేఖ రూపము దాల్చిన ఘటోత్కచునిగా సావిత్రిని చూడుడు: ఆడుపిల్ల సుకుమారపు నడకలో ఉన్నట్టుండి రాక్షసుని ఠీవి తొంగిచూచును. పింగళి నాగేంద్రరావు పురాణపాత్రల నోట క్రొత్త మాటలు పుట్టించిరి. వీనిలో ఏ ఒక్కటి తన కంటితో కనిపెట్టి చెప్పినను ఆ ఎన్నిక విద్యార్థికి సొంతమగును.

ప్రభుత్వ బహుమానముల తీర్పు వేరు. ఆ యేటి తెలుగు చిత్రములలో రాష్ట్రపతి రజతపతకము బి.ఎన్. రెడ్డి గారి ‘భాగ్యరేఖ’కు, యోగ్యతాపత్రము ‘తోడికోడళ్ళు’కు దక్కినవి. ‘మాయాబజార్’కు ఆ పట్టికలో చోటు లేదు. న్యాయనిర్ణేతలను నేడు పరిహసించుట సులభము, మేము పరిహసింపము. ‘భాగ్యరేఖ’లో కృష్ణశాస్త్రి గారి పాట విన్నవారికి ఆ తీర్పు అంత వింతగా తోచదు.

మా వంతు వచ్చినది. మేము ‘తోడికోడళ్ళు’ అంటిమి. మిత్రులు నవ్విరి. శరత్తు ‘నిష్కృతి’ని ఆదుర్తి సుబ్బారావు తెలుగింటి లోగిలికి తెచ్చిన తీరు మాకు నచ్చినది. ఇక్కడ మాయలు లేవు. అక్కడ ఘటోత్కచుడై గర్జించిన ఎస్.వి. రంగారావే ఇక్కడ ఇంటి పెద్ద. ఆ సావిత్రియే ఇక్కడ చిన్నకోడలు. చెప్పుడు మాటలు చెవి సోకి ఉమ్మడి కుటుంబము బీటలువారుట మా బాల్యమున మేము ఇంటిలో చూచినదే. పెద్దలు పంపకములకు కూర్చున్ననాడు పిల్లలము పెరటిలో నిలుచుంటిమి. ఎవరును మాతో ఏమియు చెప్పలేదు. ఆ చిత్రము చూచిన రాత్రి కాని మాకది అర్థము కాలేదు. ‘మాయాబజార్’ అంతకంటె గొప్ప చిత్రమని ఒప్పుకొందుము. మాకు ఇష్టమైనది మాత్రము ఇదియే.

నవ్వినవారిలో ఒకరు మాట్లాడక ఆకుపొట్లము మడచుచుండిరి. రెండవ స్థానము ‘మాయాబజార్’దని అందరు అంగీకరించిరి. మూడవదానిపై వాదము తెగకముందే కాకినాడ బస్సు వచ్చినది.