ఇల్లు - వాహనం: బ్యాటరీదే తప్పా?

గత చలికాలంలో ఒక వలీమా విందు ముగించుకొని రాత్రివేళ కారులో తిరిగి వస్తున్నాము. దారిలో మీటర్ల మధ్య బ్యాటరీ బొమ్మ ఉన్న ఎర్రదీపం వెలిగింది. ఇల్లు చేరాక చూద్దాములే అనుకున్నాము. కొంతసేపటికి హెడ్‌లైట్ల వెలుగు తగ్గింది. చివరకు ఇంజనే ఆగిపోయింది. వృద్ధురాలైన అమ్మీతో, నిద్రమత్తులో ఉన్న పిల్లలతో చీకటి రోడ్డు పక్కన గంటన్నర గడపవలసి వచ్చింది.

మరునాడు పాత బ్యాటరీని దుకాణంలో ఇచ్చివేసి కొత్తది వేయించాము. నాలుగు రోజులకే కారు మళ్ళీ మొరాయించింది. మా వీధిలోని వృద్ధ మెకానిక్ బానెట్ ఎత్తి చూసి, "బ్యాటరీకి ఛార్జింగే అందడం లేదు భాయ్, బెల్టు జారిపోతోంది" అన్నారు. ఉదయం స్టార్టు చేయగానే వినిపించే కీచు శబ్దాన్ని మేమే పెడచెవిన పెట్టాము.

ఇంజను తిరిగేటప్పుడు విద్యుత్తును పుట్టించేది ఆల్టర్నేటర్. దానిని తిప్పేది బెల్టు. అది పనిచేయకపోతే కారు బ్యాటరీలోని నిల్వను తింటూ కొంతదూరం నడిచి ఆగిపోతుంది. ఆ ఎర్రదీపం చెప్పేది సాధారణంగా ఈ సంగతే.

కొన్ని వందల రూపాయలకు దొరికే మల్టీమీటర్ ఇంట్లో ఉంటే అసలు లోపాన్ని తెలుసుకోవచ్చు. కారును కొన్ని గంటలు ఆపి ఉంచి, బ్యాటరీ రెండు టెర్మినళ్ళ మధ్య కొలవాలి. 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్లు, 12.2 అయితే సుమారు సగం. తరువాత ఇంజను స్టార్టు చేసి, హెడ్‌లైట్లు వేసి మళ్ళీ కొలవాలి. సాధారణంగా 13.8 నుండి 14.5 వరకు ఉండాలి. అంకె పెరగకపోయినా, తగ్గుతూ పోయినా ఛార్జింగ్ అందడం లేదని అర్థం. 15 దాటితే రెగ్యులేటర్ లోపం కావచ్చు. అది బ్యాటరీనే పాడుచేస్తుంది.

ఛార్జింగ్ అందనప్పుడు ముందుగా బెల్టు బిగువును, పగుళ్ళను, టెర్మినళ్ళపై పేరుకున్న తెల్లని పొడిని, వదులైన ఎర్త్ వైరును, ఫ్యూజులను చూడాలి. ఇవన్నీ సవ్యంగా ఉంటేనే ఆల్టర్నేటర్‌ను అనుమానించాలి. దానిలో కూడా కార్బన్ బ్రష్‌లు మాత్రమే అరిగి ఉండవచ్చు. ఛార్జింగ్ సరిగా ఉన్నా ఉదయానికి సెల్ఫ్ తీసుకోకపోతే, బ్యాటరీ ముసలిదై ఉండాలి, లేదా డిక్కీ దీపం వంటిదేదో రాత్రంతా కరెంటు లాగుతూ ఉండాలి.

కొన్ని జాగ్రత్తలు మరువరాదు. తిరుగుతున్న బెల్టు దగ్గరకు దుపట్టా, వదులు చేతులు పోనీయకండి. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ తీగలు విప్పకండి. ఆపిన తరువాత విప్పవలసి వస్తే మైనస్ తీగను ముందు తీయాలి, చివర బిగించాలి. బ్యాటరీ వద్ద నిప్పు వెలిగించకండి. ప్రయాణంలో ఎర్రదీపం వెలిగితే ఏసీ, పాటల పెట్టె ఆపి, వెలుతురు, జనం ఉన్న చోట కారు నిలపండి. ఇంజను వేడి కూడా పెరుగుతుంటే వెంటనే ఆపివేయాలి.

విచారణ లేకుండా నింద మోపడం మనుషుల పట్ల ఎంత తప్పో మనమెరుగుదుము. మేము మా పాత బ్యాటరీ పట్ల ఆ తప్పే చేశాము. మూల్యం మాత్రం మా జేబు చెల్లించింది. మీరు కొనే ముందు కొలవండి.