పని నడుమ పుట్టు మార్పులు

ఇల్లు కట్టి చూడుమని మన పెద్దలు ఊరకనలేదు. గృహస్థు కట్టిన యింటి భారము గృహస్థునిదే. ప్రభుత్వము కట్టిన కట్టడపు భారము మాత్రము ప్రజలందఱిది. ఒప్పందము కుదిరి పని మొదలిడిన పిమ్మట పనియొక్క స్వరూపమునో, కొలతనో, ధరనో, గడువునో మార్చుచు వ్రాతమూలమున నిచ్చు ఉత్తరువునకే చేంజ్ ఆర్డరని పేరు. అది స్వతః దోషము కాదు. భూగర్భమున బండ యున్నదో బురద యున్నదో త్రవ్వక పూర్వము పూర్తిగ నెఱుగుట యెవరి తరము? దోషమంతయు ఆ మార్పు ఎందుల కెప్పుడు పుట్టినదను దానియందున్నది.

ఆస్ట్రేలియాలోని సిడ్నీ సంగీత నాటకశాల యిందుకు నిదర్శనము. 1957లో దాని అంచనా 70 లక్షల డాలర్లు; 1973లో ద్వారములు తెఱచునాటికి వ్యయము 10 కోట్ల 20 లక్షలు. పైకప్పు రూపము తేలకమునుపే 1959లో పునాదివేదిక పని ప్రారంభించిరి. కప్పు బరువు తేలిన పిదప క్రింది స్తంభములు చాలవయ్యె. కట్టినవానిని పడగొట్టి మరల కట్టిరి. 1966లో శిల్పి యోర్న్ ఉట్జన్ వైదొలగిన తరువాత పెద్దశాల ఉపయోగమునే మార్చి, అప్పటికే అమర్చిన రంగస్థల యంత్రములను ఊడదీసిరి. ఆ భవనము నేడు జగత్ప్రసిద్ధమే. కాని కీర్తి వలన లెక్క మాసిపోదు.

మార్పు ఏల ఇంత ప్రియమగును? టెండరునాడు పలువురు పోటీపడి ధర తగ్గింతురు. పని నడుమ గుత్తదారు ఒక్కడే. బేరమాడుటకు రెండవవాడు లేడు. కావుననే మొదట తక్కువకు పాడి, మార్పులలో లాభము పిండుకొను నేర్పరులు బయలుదేరుదురు. ఒక స్తంభము మాఱెనేని దానిని నమ్మిన దూలము, గొట్టము, గడువు అన్నియు మాఱును.

అన్యాయము రెండవ వైపునను గలదు. 1944లో బంగాళమున అధికారుల కోర్కెపై కట్టడములు కట్టి పైకము రాక న్యాయస్థాన మెక్కిన గుత్తదారునకు, 1872 నాటి కాంట్రాక్టు చట్టము 70వ సెక్షను ననుసరించి సుప్రీముకోర్టు తుదితీర్పు 1961లో లభించెను. చేసిన పనికి పదునేడేండ్ల నిరీక్షణ! పెద్ద గుత్తదారు దీనిని భరింపగలడు. చిన్నవాడు కూలీలకు బదులు చెప్పలేక కూలిపోవును.

కేంద్ర ప్రజాపనుల శాఖ ఒప్పందమునందలి 12వ నిబంధన మార్పులు చేయు అధికారమును ఇంజనీరుకిచ్చి, వాని ధర కట్టు పద్ధతిని చెప్పుచున్నది. నిబంధన లేమి మన కొఱత కాదు. పాటింపు లేమియే కొఱత. పటములును నేలపరీక్షయు ముగియక టెండరు పిలువరాదు. నోటిమాటపై ఇటుక కదలరాదు. ధరయు గడువును ఒకే కాగితమున నుండవలెను. ప్రతి మార్పును కారణముతోడ ప్రజలకు ప్రకటింపవలెను. శంకుస్థాపన ముహూర్తమునకై చూపు తొందర పటము ముగించుటయందు చూపినచో, ప్రజాధనము పునాదులలో పూడిపోకుండును.