వెల్డింగ్ హెల్మెట్‌లో చూడాల్సింది 1/25000 కాదు

ఫోన్లు, ఇయర్‌బడ్స్ రివ్యూ చేసే చోట వెల్డింగ్ హెల్మెట్ ఏంటని అనుకోకండి. ఎల్‌సీడీ, లైట్ సెన్సర్లు, కాయిన్ సెల్, సోలార్ ప్యానెల్... ఆటో డార్కెనింగ్ హెల్మెట్ కూడా గ్యాడ్జెట్టే. పైగా మన టేబుల్ మీదున్న వాటికంటే సీరియస్ గ్యాడ్జెట్. ఫోన్ హ్యాంగ్ అయితే రీస్టార్ట్ చేస్తాం. ఇది మొరాయిస్తే ఎదురుగా ఉండేది ఆర్క్.

మాది తుక్కుగూడ. శ్రీశైలం హైవే, ఓఆర్ఆర్ 14వ ఎగ్జిట్ కలిసే చోటు. పక్కనే రావిర్యాల ఈ-సిటీలో టీవీలు, సోలార్ ప్యానెళ్లు తయారవుతాయి. రోడ్డు వెంబడి చూస్తే గేట్లు, గ్రిల్స్, రేకుల షెడ్లు చేసే వెల్డింగ్ షాపులు. అక్కడ ఇప్పటికీ చాలామందికి రక్షణ అంటే చేతిలో పట్టుకునే నల్లద్దం షీల్డ్, లేదంటే చలువ కళ్లద్దాలు. అదీ లేకపోతే తల పక్కకు తిప్పి కళ్లు మూసుకోవడం.

మా గల్లీ చివర షాపు అన్న మాత్రం ఆన్‌లైన్‌లో రెండు వేల లోపు పెట్టి ఆటో హెల్మెట్ కొన్నాడు. బ్రాండ్ పేరు చెప్పను, అలాంటివి అన్నీ ఒకేలా ఉంటాయి. రెండు నెలలు వాడాక నన్ను పిలిచాడు.

"తమ్మీ, ఇది ఖరాబైంది. ఒకసారి నల్లగైతది, ఒకసారి కాదు. జర చూడు."

కళ్లు ఎర్రగా ఉన్నాయి. ముందు రోజు రాత్రంతా కంట్లో ఇసుక పోసినట్టు ఉందట, ఆలుగడ్డ ముక్కలు పెట్టుకొని పడుకున్నాడట. హెల్మెట్ వల్లే అయిందనుకున్నా. కాదు. హెల్మెట్ మీద నమ్మకం పోయి, దాన్ని పైకి ఎత్తేసి, ఉత్త కళ్లతో ట్యాకులు కొట్టాడు.

ఈ తేడా చాలా ముఖ్యం. మంచి హెల్మెట్ గాజులో యూవీ, ఇన్‌ఫ్రారెడ్‌ని ఆపే ఫిల్టర్ వేరుగా ఉంటుంది. దానికి కరెంటు అక్కర్లేదు. బ్యాటరీ చచ్చినా, గాజు నల్లబడకపోయినా అది తన పని తాను చేస్తుంది. ఎల్‌సీడీ ఆపేది కంటికి కనిపించే వెలుగుని. కాబట్టి ఒకసారి ఫ్లాష్ తగిలితే కళ్లు బైర్లు కమ్ముతాయి, చిరాకేస్తుంది, కానీ రాత్రికి కళ్లు మండేది యూవీ నేరుగా తగిలినప్పుడు. ఆ మంట వెంటనే తెలియదు, కొన్ని గంటల తర్వాత మొదలవుతుంది. అందుకే ఏ ట్యాక్ దగ్గర తగిలిందో ఎవరికీ గుర్తుండదు. (ఆలుగడ్డ చల్లగా ఉంటుంది, అంతే. కంటి డాక్టర్‌కి చూపించుకోవాలి.)

సరే, హెల్మెట్ ఇంటికి తెచ్చా. అందరిలాగే ముందు బ్యాటరీనే అనుమానించా. నా అదృష్టం, దీనికి సీఆర్2450 సెల్ పెట్టే చిన్న మూత ఉంది. మార్చా. తర్వాత రెడ్‌మీ ఫోన్‌లోని ఐఆర్ బ్లాస్టర్‌ని సెన్సర్ ముందు పెట్టి రిమోట్ యాప్‌లో బటన్ నొక్కా. టక్కున నల్లబడింది. చాలా హెల్మెట్లు టీవీ రిమోట్‌కి కూడా ఇలా స్పందిస్తాయి. అయితే ఈ టెస్ట్ చెప్పేది ఒక్కటే: లోపల సర్క్యూట్ బతికే ఉందని. వెల్డింగ్‌కి పనికొస్తుందని కాదు. ఆ తప్పు నేనూ చేశా. "అన్నా, అయిపోయింది" అని ఇచ్చేశా. సాయంత్రానికి మళ్లీ ఫోన్.

ఈసారి షాపులోనే కూర్చుని చూశా. అప్పుడు అర్థమైంది. పొద్దున రోడ్డు పక్కన ఎండలో పని. సెన్సర్ల మీద ఎండ పడి, ఆర్క్ లేకుండానే గాజు నల్లబడుతుంటే, అన్న సెన్సిటివిటీ నాబ్‌ని పూర్తిగా తగ్గించేశాడు. ఎండలో అది కరెక్టే. సాయంత్రం షెడ్డు లోపల పల్చటి పైపుకి ఆంప్స్ తగ్గించి కొడితే, ఆ చిన్న ఆర్క్‌ని సెన్సర్లు గుర్తుపట్టలేదు. నాబ్ పొద్దుటి చోటే ఉంది!

రెండోది చూసి నవ్వొచ్చింది. ముందు ప్లాస్టిక్ అద్దం మీద ఫ్యాక్టరీలో వేసిన పల్చటి ఫిల్మ్ అలాగే ఉంది. కొత్త ఫోన్ మీద కవర్ పీకకుండా ఏళ్లకేళ్లు వాడే మామయ్యలు మనకి తెలుసు కదా, అదే కథ. ఆ ఫిల్మ్ మీద నిప్పురవ్వలు పడి కరిగి, సరిగ్గా ఎడమ సెన్సర్ ముందు నల్లటి మచ్చ కట్టింది. ఉన్నవే రెండు సెన్సర్లు. గేటు కమ్మీ అడ్డమొచ్చి రెండోది కూడా మూసుకుపోతే ఇంక హెల్మెట్‌కి చూపు లేనట్టే. ఫిల్మ్ పీకి, అద్దం తుడిచి, నాబ్ పెంచాం. ఆ తర్వాత అరగంట కొట్టినా ఒక్కసారి కూడా మిస్ అవలేదు.

అంటే ఆ హెల్మెట్ అసలు పాడవలేదు. దాన్ని ఎలా వాడాలో అతనికి ఎవరూ చెప్పలేదు.

నా కోపం ఇక్కడే. డబ్బా మీద పెద్ద అక్షరాలతో ఉన్నది '1/25000 సెకను'. అంటే 0.04 మిల్లీసెకను. మన ఫోన్ 240 ఎఫ్‌పీఎస్ స్లో మోషన్‌లో ఒక ఫ్రేమ్‌కే దాదాపు 4 మిల్లీసెకన్లు. ఆ అంకె నిజమో కాదో ఇంట్లో ఎవడూ తేల్చలేడు. చవక ఫోన్ వెనక '108 ఎంపీ' అని రాసినట్టే ఇది. స్పీడ్ అక్కర్లేదని నేననను, కానీ అసలు నల్లబడని గాజుకి స్పీడ్ ఎంతైతే ఏం? సెన్సిటివిటీ, డిలే నాబ్‌ల గురించి మాత్రం చీమ తలకాయంత ఇంగ్లిష్‌లో ఒక కాగితం. అన్న తెలుగు చదువుతాడు, హెల్పర్ హిందీ చదువుతాడు. రెండు బొమ్మలు వేసినా సరిపోయేది.

1981లో స్వీడన్‌లో స్పీడ్‌గ్లాస్ పేరుతో ఇలాంటి హెల్మెట్ వచ్చింది. ఇప్పుడది 3ఎం చేతిలో ఉంది. అంత ఖరీదైనవి మన గల్లీ షాపులు కొనవు, కొనమని నేనూ చెప్పను. కానీ చవకలో కొనేటప్పుడు కూడా నేను నాలుగు సెన్సర్లు ఉన్నదే చూస్తా, ముఖ్యంగా గేట్లు, పైపుల మూలల్లో పని ఉంటే. బ్యాటరీ మూత లేకుండా సీల్ చేసినవి వద్దు. వాటి మీద 'సోలార్' అని ఉంటుంది, నిజమే, కానీ లోపల సోల్డర్ చేసిన సెల్ చచ్చాక మొదటి మెరుపు సమయానికి హెల్మెట్ మేలుకుంటుందో లేదో మన అదృష్టం. ముందు ప్లాస్టిక్ అద్దం విడిగా దొరుకుతుందా అని అడగండి. ఈఎన్ 379 రేటింగ్ 1/1/1/2 లాంటి నాలుగు అంకెలుగా ఉంటుంది, 1 అంటే మంచిది. నాలుగో అంకె పక్క నుంచి చూసినప్పుడు నలుపు ఎంత మారుతుందో చెబుతుంది, మన టీవీ వ్యూయింగ్ యాంగిల్ లాగ.

ఇంకోటి, గ్రైండ్ మోడ్. ఆన్ చేస్తే గాజు అస్సలు నల్లబడదు, గ్రైండింగ్ కోసం ఇచ్చింది. ఆ స్విచ్ బయట ఉండి, ఆన్‌లో ఉన్నట్టు లైటు గానీ గుర్తు గానీ లేకపోతే, ధర ఎంత తక్కువైనా నేను రికమెండ్ చేయను. గ్రైండింగ్ చేసి, టీ తాగొచ్చి, మర్చిపోయి రాడ్డు ముట్టిస్తే అంతే.

అనుమానంగా ఉంటే ఒక టెస్ట్ ఉంది. హెల్మెట్‌ని స్టాండ్‌కి కట్టి, లోపల కళ్లుండే చోట ఫోన్ పెట్టి, స్లో మోషన్‌లో రికార్డ్ చేయండి. మీరు దూరంగా అటు తిరిగి నిలబడండి, ఇంకొకరు తమ షీల్డ్ పెట్టుకొని వెల్డింగ్ చేయాలి. మధ్యమధ్యలో గాజు మినుకుమినుకుమంటే వీడియోలో తెల్లటి మెరుపులు కనిపిస్తాయి. నాబ్ పెంచి, అద్దం తుడిచి, బ్యాటరీ మార్చాక కూడా ఒక్క మెరుపు వచ్చినా ఆ హెల్మెట్‌ని పక్కన పెట్టేయండి. ఎప్పుడూ పనిచేయనిదాన్ని ఎవరూ నమ్మరు. పదిసార్లలో తొమ్మిదిసార్లు పనిచేసేదే ప్రమాదం.

అన్న హెల్మెట్ నాబ్ పక్కన ఇప్పుడు నెయిల్ పాలిష్‌తో రెండు చుక్కలున్నాయి. ఎండకి ఎర్ర చుక్క, షెడ్డుకి తెల్ల చుక్క. హెల్పర్‌కి కూడా ఈజీ. మొన్న పోయి చూస్తే హెల్మెట్ దించే కొడుతున్నాడు. కాకపోతే రాడ్డు ముట్టించేటప్పుడు లోపల కళ్లు మూసుకుంటున్నా అన్నాడు.

"ఇంకా నమ్మకం కుదర్లేదా అన్నా?"

"పదిహేనేండ్ల అలవాటు తమ్మీ. జర టైం పడ్తది."