అరెస్టు కారణం మన భాషలో రాసివ్వాలి



"మాట్లాడి పంపించేస్తాం" అని స్టేషన్‌కు తీసుకెళ్లిన మనిషి రెండు రోజులైనా తిరిగి రాకపోతే, ఇంటివాళ్లు ఎవర్ని అడగాలి? రికార్డులో అరెస్టు ఉండదు. గేటు దగ్గరే గదమాయింపులు.

ఇలాంటి రోజు వస్తుందని రాజ్యాంగ సభ ముందే భయపడింది. ఆ సభ్యుల్లో చాలామంది బ్రిటిష్ జైళ్లలో మగ్గినవాళ్లు. ప్రాణానికీ స్వేచ్ఛకూ 21వ అధికరణ ఇచ్చిన రక్షణ చాలదని వాళ్లు పట్టుబట్టారు. దాంతో 1949 సెప్టెంబరు 15న అంబేద్కర్ మరో నిబంధన తెచ్చారు. నేటి 22వ అధికరణ అదే. అరెస్టు చేస్తే కారణం చెప్పాలి, కోరుకున్న వకీలును కలవనివ్వాలి, ప్రయాణ సమయం పోను 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందుంచాలి. (ముందస్తు నిర్బంధానికి చోటిచ్చిందీ ఈ అధికరణే. ఆ మచ్చ చెరిపే పోరాటం ఇంకా మిగిలే ఉంది.)

రాత ఉన్నంత మాత్రాన రక్షణ దొరకలేదు. 1978లో హైదరాబాద్ నల్లకుంట స్టేషన్ ఉదంతంలో ఒక మహిళపై అత్యాచారం జరిగింది, ఆమె భర్త ప్రాణం పోయింది. నేరం పోలీసులదేనని విచారణ కమిషన్ తేల్చినా, కోర్టులో వాళ్లు నిర్దోషులయ్యారు. నాలుగు గోడల మధ్య జరిగినదానికి సాక్ష్యం ఎక్కడి నుంచి తెస్తాం?

అందుకే కాగితం కావాలి. సాక్షి సంతకంతో అరెస్టు మెమో రాయాలని, బంధువుకు కబురు చేయాలని డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు 1996లోనే చెప్పింది. ప్రతి స్టేషన్‌లో మాటలు కూడా రికార్డయ్యే సీసీ కెమెరాలు పెట్టాలని 2020లో ఆదేశించింది. కారణాలను నిందితుడికి అర్థమయ్యే భాషలో రాసివ్వాలని 2025లో స్పష్టం చేసింది.

తీర్పులు స్టేషన్ గడప దాటి లోపలికి రావాలి. రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలను మేం అడుగుతున్నది ఇదే: అరెస్టు కారణాల పత్రం తెలుగులో, ఉర్దూలో అచ్చువేయించండి. ఏజెన్సీలో కోయ, గోండి, సవర తెలిసినవారిచేత చదివి వినిపించండి. ఒక ప్రతి ఇంటివాళ్లకివ్వండి. రిమాండు వేళ "నీకు కాగితం అందిందా?" అని మేజిస్ట్రేట్లు నిందితుణ్ణే అడగాలని కూడా కోరుతున్నాం. ఇందులో పోలీసులకు వ్యతిరేకం ఏదీ లేదు. నిజాయతీగా పనిచేసే ఎస్ఐకి ఆ కాగితమే అండ.

మీ గ్రామసభలో, బస్తీ సమావేశంలో ఈ కోరికలతో తీర్మానం చేసి కలెక్టరుకూ ఎస్పీకీ పంపండి. వకీలును పెట్టుకునే స్తోమత లేకపోతే ఉచిత న్యాయ సహాయం కోసం 15100కు ఫోన్ చేయండి. ఈ నంబరు రేషన్ షాపు గోడ మీదా, బడి గోడ మీదా రాయించండి.