‘చిన్న అప్‌డేటే’ అంటే ఎంత చిన్నది?

పలకల ఊరు మార్కాపురం వాళ్లకు ఈ సంగతి చెప్పడం తేలిక. పలక చట్రం ఊడితే కనిపిస్తుంది. రాయి పగిలితే కనిపిస్తుంది. కానీ దానిమీద రాసింది చెరిపేసి ఇంకోటి రాస్తే, నిన్న ఏముందో ఇవాళ చూసినవాడికి తెలియదు. ఆసుపత్రి యంత్రాల్లో ఉండే సాఫ్ట్‌వేర్ కూడా అంతే. యంత్రం అదే, దానిమీద కంపెనీ పేరు అదే. లోపలి రాత మాత్రం మారిపోయి ఉంటుంది.

పశ్చిమ ప్రకాశంలో ఫ్లోరైడ్ నీళ్ల గురించీ, కిడ్నీ జబ్బుల గురించీ కొత్తగా చెప్పేదేముంది? ఈ పేజీ చదివే ఇళ్లలో కొన్నింటిలోనైనా డయాలసిస్ ఫైలు ఒకటి ఉండే ఉంటుంది. వారానికి రెండు మూడుసార్లు, ఒక్కోసారి నాలుగేసి గంటలు ఆ కుర్చీలోనో మంచంమీదో గడిపేవాళ్లకు ఆ యంత్రం ఇంట్లోమనిషి లాంటిదే. అది చేసే లెక్క చూడండి. 54 కిలోలతో వచ్చిన మనిషి డ్రై వెయిట్ 52 అయితే రెండు లీటర్ల నీరు తీయాలి. నాలుగు గంటలంటే గంటకు అర లీటరు. ఎక్కువ లాగితే బీపీ పడిపోతుంది, తక్కువ లాగితే ఇంటికెళ్లాక ఆయాసం. ఆ లాగుడు ఎంతన్నది నిమిషనిమిషానికీ చూసుకునేది, గొట్టంలో గాలి బుడగ వస్తే రక్తం ఆపేసి గంట కొట్టేది లోపలున్న ప్రోగ్రామే.

ఒకరోజు కంపెనీ ఇంజనీరు ల్యాప్‌టాప్‌తో వచ్చాడనుకోండి. అరగంట ఏదో చేసి సర్దుకుంటుంటాడు.

“ఏం చేశావు నాయనా?”

“ఏం లేదు పెద్దాయనా, చిన్న అప్‌డేట్.”

ఎక్కువసార్లు అది నిజమే. అయినా ఒక ప్రశ్న మిగిలే ఉంటుంది. అది చిన్నదని తేల్చిందెవరు? యంత్రానికి మొదట అనుమతి ఇచ్చిన అధికారులకు ఈ కొత్త రాత సంగతి తెలుసా, తెలియనక్కర్లేదా?

సాఫ్ట్‌వేర్‌లో మార్పు ఎంతన్నది వరసలు లెక్కపెట్టి చెప్పలేం. గాలి బుడగ కనిపించిన ఎన్ని క్షణాలకు గంట కొట్టాలన్నది లోపల ఒక అంకె. దాన్ని పెంచితే మారింది ఒక్క అంకే, కానీ ప్రాణం మీదికి రావచ్చు. తెరమీద రంగులన్నీ మార్చేస్తే వేల వరసలు మారతాయి, రోగికి ఏమీ కాకపోవచ్చు. (తెరమీద తెలుగు పెడితే బాగుంటుందని నాకూ ఉంది. కానీ ‘తీయి’ అనాల్సిన చోట ‘ఆపు’ అని అనువదిస్తే అదీ చిన్న మార్పు కాదు.)

గంట కొట్టడంతోనే పని అయిపోదు. ఐసీయూల్లో కిడ్నీ రోగులకు వాడిన గాంబ్రో వారి ప్రిస్మా యంత్రం కథే చూడండి. బరువులో తేడా వస్తోందని అది హెచ్చరించేది. కారణం సరిచేయకుండా సిబ్బంది ‘కొనసాగించు’ నొక్కుకుంటూ పోతే ఒంట్లోంచి నీరు మోతాదు మించి పోయేది. మరణాలు కూడా జరిగాక 2005లో దానిపై అమెరికాలో అత్యంత తీవ్రమైన తరగతి రీకాల్ మొదలైంది. ఇలాంటి యంత్రం ‘కొనసాగించు’ను ఎన్నిసార్లు ఒప్పుకోవాలన్నది కూడా ప్రోగ్రాములో ఒక అంకెగానే ఉంటుంది.

ఇంకా పాతది, ఈ రంగంలో అందరూ చెప్పుకునేది థెరాక్-25. కెనడాలో తయారైన రేడియేషన్ యంత్రం. 1985 జూన్ నుంచి 1987 జనవరి లోపల ఆరుగురు రోగులకు భయంకరమైన మోతాదు తగిలింది, వాళ్లలో కొందరు చనిపోయారు. ‘ఇది మా పాత యంత్రం లాంటిదే’ అన్న దారిలోనే అది అమెరికా ఆసుపత్రులకు చేరింది. సాఫ్ట్‌వేర్ కొంత పాత యంత్రం నుంచి తెచ్చిందే. పాతదాంట్లోనూ తప్పులున్నాయి. కాకపోతే అందులో మోతాదు మించకుండా విడిగా అడ్డుకునే మీటలూ ఫ్యూజులూ ఉండేవి. ప్రోగ్రాము తప్పు చేసినా అవి కాపాడేవి. కొత్తదాంట్లో ప్రోగ్రాము చూసుకుంటుందిలే అని వాటిని తీసేశారు. అంతవరకు దాగి ఉన్న తప్పు నేరుగా మనిషిమీద పడింది.

యంత్రం మారినప్పుడు మళ్లీ అనుమతికి రావాలా వద్దా అన్నదానిపై అమెరికా ఎఫ్.డి.ఎ. 1997లో మార్గదర్శకాలు ఇచ్చింది. 2017 అక్టోబరులో సాఫ్ట్‌వేర్ మార్పుల కోసమే విడిగా ఇంకొకటి ఇచ్చింది. కేవలం హ్యాకర్లనుంచి రక్షణకే చేసిన మార్పా? కేవలం అనుమతి పొందిన పద్ధతికి యంత్రాన్ని తిరిగి తేవడానికేనా? అయితే సాధారణంగా మళ్లీ రానక్కర్లేదు. అలా కాకపోతే అసలు ప్రశ్నలొస్తాయి. రోగికి తీవ్రమైన హాని చేయగల కొత్త దారి ఏదైనా తెరుచుకుందా? అలాంటి హానిని ఆపేందుకు పెట్టిన కాపలా మారిందా? వైద్యంలో యంత్రం చేసే అసలు పని, దాని కచ్చితత్వం మీద గట్టి ప్రభావం పడుతుందా? వీటిలో దేనికైనా అవునని వస్తే మళ్లీ అర్జీ పెట్టుకోవాలి. అన్నిటికీ కాదని వస్తే ఎందుకు కాదో రాసి ఫైల్లో పెట్టుకోవాలి.

ఈ ప్రశ్నలకు జవాబు రాసేది కంపెనీయే. తనిఖీకి వచ్చినప్పుడు అధికారులు ఆ ఫైలు అడగొచ్చు. అంతవరకు అది బీరువాలో ఉంటుంది. పరీక్ష రాసినవాడే పేపరు దిద్దుకున్నట్టు లేదూ అంటారా? కొంత అలాగే ఉంది. అయితే ప్రతి చిన్న దిద్దుబాటుకూ అనుమతి కావాలంటే ఏమవుతుందో కూడా చూడాలి. 2017 మేలో వానాక్రై వైరస్ బ్రిటన్ ప్రభుత్వాసుపత్రులను స్తంభింపజేసింది. మన రాష్ట్రంలో పోలీసు కంప్యూటర్లనూ వదల్లేదు. అలాంటప్పుడు కన్నం పూడ్చడానికి నెలల తరబడి ఎదురుచూడలేం. ఆ ఏడాదే ఆగస్టులో అమెరికాలో సుమారు 4,65,000 పేస్‌మేకర్లకు రక్షణ అప్‌డేట్ వచ్చింది. మూడు నిమిషాల పని. కానీ ఇంట్లో చేసుకునేది కాదు, రోగి ఆసుపత్రికి రావాల్సిందే. గుండెలో ఉన్న యంత్రం అప్‌డేట్ మధ్యలో మొరాయించే ప్రమాదం అతి స్వల్పమైనా ఉందని ముందే చెప్పి మరీ చేశారు. నాకు నచ్చింది ఆ ముందే చెప్పడం.

చెప్పిన ప్రశ్నలన్నీ వేసుకున్నా ప్రమాదం పక్క వాకిట్లోంచి రావచ్చు. 2024 ఫిబ్రవరిలో టాండెం వారి ఇన్సులిన్ పంపుకు తోడుగా ఐఫోన్లో వాడే యాప్ కొత్త వెర్షన్ వచ్చింది. పంపు సాఫ్ట్‌వేర్‌ను ఎవరూ ముట్టుకోలేదు. యాప్ మాటిమాటికీ ఆగిపోయి, మళ్లీ మొదలై, పంపుతో అదేపనిగా మాట్లాడుతూ దాని బ్యాటరీని తోడేసింది. పంపులు ఆగిపోయాయి. 224 మంది ఇబ్బంది పడినట్టు ఫిర్యాదులు నమోదయ్యాయి. మరణాలు లేవు, అదే అదృష్టం. ఫోనుకు బ్లూటూత్‌తో కలిపే గ్లూకోమీటర్లు ఇప్పుడు గిద్దలూరు మందుల షాపులో అడిగినా తెప్పించి ఇస్తారు. వాటి యాప్ అప్‌డేట్ అయ్యాక నాలుగు రోజులు రీడింగులు ఓ కంట చూసుకోవడం మంచిది.

మన చట్టం ఏమంటోంది? 2017 నాటి వైద్య పరికరాల నియమాలు 2018 జనవరి 1న అమల్లోకి వచ్చాయి. 2020 ఏప్రిల్ నుంచి వైద్యానికి వాడే సాఫ్ట్‌వేర్ కూడా వైద్య పరికరమే. ప్రమాదాన్ని బట్టి ఎ, బి, సి, డి అని నాలుగు తరగతులు. ఎక్కువ ప్రమాదమున్న సి, డి తరగతులవాటికి 2023 అక్టోబరు నుంచి లైసెన్సు తప్పనిసరి, ఇచ్చేది కేంద్ర సంస్థ. మార్పుల సంగతి ఆరో షెడ్యూలులో ఉంది. యంత్రం పనితీరును, నాణ్యతను, ఏ పనికి వాడాలన్నదాన్ని తాకే డిజైన్ మార్పు పెద్దది. దానికి ముందుగా అనుమతి తీసుకోవాలి. తాకనిది చిన్నది, చేశాక 30 రోజుల్లో తెలియజేస్తే చాలు. తాకుతుందా తాకదా అని మొదట తేల్చుకునేది ఇక్కడా కంపెనీయే.

అమెరికాలోగానీ ఇక్కడగానీ ఈ వ్యవహారమంతా కంపెనీకీ అధికారులకూ మధ్యే నడుస్తుంది. ఆ యంత్రాన్ని రోజూ నడిపే టెక్నీషియన్, నర్సు ఈ లెక్కలో లేరు. కంపెనీ ఫైల్లో ఉన్న ‘ఇది చిన్న మార్పే, ఎందుకంటే’ అన్న కాగితంలో ఒక్క పేజీ, అర్థమయ్యే మాటల్లో, ఆసుపత్రికి కూడా ఇవ్వాలని నా వాదన. వ్యాపార రహస్యాలేవీ అక్కర్లేదు. ఏది మారింది, ఏ హెచ్చరిక ఇప్పుడు వేరుగా మోగుతుంది, అప్‌డేట్ అయ్యాక ఏమేం పరీక్షించి చూశారు, అంతే. పెద్ద కార్పొరేట్ ఆసుపత్రిలో బయోమెడికల్ ఇంజనీర్లుంటారు, అడిగి తీసుకుంటారు. పట్నాలకు దూరంగా ఉన్న ఊళ్లో ఇంజనీరు మళ్లీ ఎప్పుడొస్తాడో తెలియదు. ఆ పేజీ అవసరం ఇక్కడే ఎక్కువ.

అది వచ్చేలోగా చేయగలిగింది ఒకటుంది. చాలా యంత్రాలు ఆన్ చేయగానే, లేదా సెట్టింగుల్లోకి వెళ్తే, వెర్షన్ నంబరు చూపిస్తాయి. దాన్నీ తేదీనీ రిజిస్టరులో రాసిపెట్టమని యూనిట్‌లో అడగవచ్చు. మీ మనిషికి ఫలానా రోజు నుంచి డయాలసిస్ మధ్యలో బీపీ పడిపోతోందని తోచిందనుకోండి. ఆ వరసను చూస్తే అనుమానానికి ఆధారమైనా దొరుకుతుంది, అనుమానమైనా తీరుతుంది. పరికరం వల్ల హాని జరిగిందనిపిస్తే ముందు డాక్టరుకు చెప్పండి. ఆపైన ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ 2015 నుంచి నడుపుతున్న మెటీరియోవిజిలెన్స్ కార్యక్రమం ఉంది. టోల్ ఫ్రీ నంబరు 1800-180-3024. యంత్రం పేరు, మోడల్, సీరియల్ నంబరుతోపాటు సాఫ్ట్‌వేర్ వెర్షన్ కూడా చెప్పండి.