పచ్చి క్యాబేజీ మీద పడ్డ నింద

ఏలూరులోనో తాడేపల్లిగూడెంలోనో పెళ్లి భోజనానికి వెళ్లినప్పుడు సలాడ్ పళ్లెం చూడండి. కీరా చక్రాలు, ఉల్లి చెక్కులు ఇట్టే అయిపోతాయి. సన్నగా తరిగిన పచ్చి క్యాబేజీ మాత్రం వేసినట్టే ఉంటుంది. "పచ్చిది తింటే పురుగు మెదడుకెక్కుతుందండీ" అని పక్క కుర్చీ పెద్దాయన హెచ్చరిక.

ఆ పురుగు పంది బద్దెపురుగు. సరిగా ఉడకని పంది మాంసం తిన్న మనిషి పేగుల్లో పెరుగుతుంది, గుడ్లు అతని మలంలో బయటికొస్తాయి. ఆ మలం కలిసిన నీరో, కడుక్కోని చెయ్యో వాటిని మన నోటిదాకా తెస్తుంది. లార్వాలు మెదడు చేరితే మూర్ఛ వస్తుంది. జబ్బు నిజమే, అందులో క్యాబేజీ నేరమేమిటి? ఆ నీరే తగిలితే కొత్తిమీరదీ అదే గతి. పెరుగు పచ్చడిలో, బజ్జీల బండి దగ్గర ఉల్లిముక్కల మీద అది పచ్చిగానే దిగిపోతోంది, ఒక్కరికీ పురుగు గుర్తు రాదు!

ఇక రెండో భయం, 2020 డిసెంబరు నాటిది. ఏలూరులో ఆరు వందల మందికి పైగా మూర్ఛ, కళ్లు తిరగడం లాంటి లక్షణాలతో ఆసుపత్రులకు పరుగెత్తారు. రక్త నమూనాల్లో సీసం, నికెల్ కనిపించాయని ఎయిమ్స్ చెప్పింది, పురుగుమందుల అనుమానమూ బలంగానే వచ్చింది. అప్పటి నుంచి "ఉడికించి తింటే భయం లేదు" అనే ధైర్యం ఒకటి మొదలైంది. సీసం పొయ్యి మీద ఆవిరైపోదు మహాప్రభో! ఉడకబెడితే గుడ్లు చస్తాయి, విటమిన్ సి కూడా చాలావరకు పోతుంది, సీసం మాత్రం కూరతోపాటే కంచంలోకి వస్తుంది.

పై ఆకులు తీసేసి, లోపలివి విడదీసి ధార కింద కడగాలి. ఉప్పునీళ్లలో ముంచితే చాలన్నది వట్టి భ్రమ. మంచినీళ్లకే నమ్మకం లేని చోట వండుకునే తినండి, దానికి నా అభ్యంతరం లేదు. కడిగి, వెంట్రుకల్లా తరిగి, ఉప్పు రాసి పావుగంట ఉంచి నీరు పిండేసి, నిమ్మరసం, పచ్చిమిర్చి కలిపి చల్లగా పెడితే, కొల్లేరు కొరమీను వేపుడు పక్కన దాన్ని మించిన నంజుడు నాకు తెలియదు. నూనె కారే చేపముక్క తర్వాత అది నాలుకను మళ్లీ పనిలో పెడుతుంది.

తాడేపల్లిగూడెం పక్కనే, వెంకటరామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది. రైతుబజారు కూరగాయల్లో పురుగుమందుల అవశేషాలెంతో అక్కడ పరీక్ష చేయించి, ధరల బోర్డు పక్కనే ఆ అంకెలూ రాయమని మనం ఎందుకు అడగం? క్యాబేజీని పళ్లెంలో వదిలేయడం తేలిక, అందుకు.